శెనక్కాయల అంచు

ఆదెప్పకు బెంగుళూరు సోకింది. జ్వరం సోకి ఉంటే పస్తుంచి, మిరియాల కషాయం తాపించి ప్రమీలమ్మ నయం చేసుకునేది. ఇది కషాయానికి లొంగే రకం కాదు. తన శెనక్కాయలు కొనే శెట్టి కూతురి పెండ్లికని బెంగుళూరికి పోయినాడు ఆదెప్ప. తిరిగి పెనుకొండలో రైలు దిగేసరికి మనిషే మారిపోయినాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి భుజం మీదుండే తువ్వాలు మడత పడి ముంజేతి మీదికి దిగింది. బెంగుళూర్లో పెద్దమనుషులు అట్లే వేసుకుంటారంట.

"పెండ్లంటే ఏందనుకున్నావు మే?" అన్నాడు భార్యతో, కాళ్ళయినా కడుక్కోకుండా. "పెండ్లంటే స్టైలు!"

పాపం, ప్రమీలమ్మ అంతకాలం కాపురం చేసి, బిడ్డను కని, ఆ బిడ్డకు పెండ్లీడు వచ్చేదాకా పెంచింది కానీ పెండ్లంటే ఏమిటో ఆ పొద్దే తెలుసుకుంది.

ఒక్కగానొక్క కూతురు నీలావతికి సంబంధం అప్పటికే ఖాయమయింది. పిల్లోడు జయరాముడు హిందూపురం వాడు. వాళ్ళకు బెల్లం మండీ ఉండాది, మడకశిర దారిలో మాగాణి ఉండాది. ఇంట్లో పెత్తనమంతా తల్లి సరోజమ్మది. వాళ్ళు కట్నాల దగ్గర పేచీ పెట్టలేదు, మర్యాదల దగ్గర గీచి గీచి అడగలేదు. మంచి వేళ చూసి, ఊరు ఉమ్మడిగా నాలుగు మెతుకులు తిని, సుఖంగా జరగాల్సిన పెండ్లి. అంత సుఖంగా జరిగితే ఆదెప్ప గొప్ప ఎవరికి తెలుస్తాది?

"అందరూ చేసినట్ల చేస్తే అది మన పెండ్లెట్లయితాది? ప్రతిదాంట్లోనూ మన గుర్తుండల్ల. గుడ్డోడు వచ్చినా, ఇది ఆదెప్ప ఇంటి పెండ్లని చెప్పల్ల" అన్నాడు.

మొదటి గుర్తు శుభలేఖ మీద పడింది. వినాయకుడి బొమ్మ అందరూ వేస్తారు, అందులో స్టైలేముంది? హిందూపురం పోయి ఫోటో దిగి, కోటు వేసుకున్న తన బొమ్మే పైన అచ్చేయించినాడు. కోటు ఫోటో తీసినాయనది. వినాయకుడు ఒక మూలకు జరిగినాడు. పెండ్లికొడుకు పేరు, పెండ్లికూతురి పేరు కూడా ఉన్నాయి లెండి, ఓపికున్నవాళ్ళు వెతుక్కుంటే దొరుకుతాయి. ఆ పత్రిక చూసి, ఆదెప్ప రెండో పెండ్లి చేసుకుంటాండాడేమోనని మడకశిర నుంచి ఒక ముసలాయన పరామర్శకు వచ్చిపోయినాడు.

తర్వాత వంటల మీద పడినాడు. వంటాయన పోతులయ్యను పిలిపించి, "కట్లెట్ చేయల్ల" అన్నాడు.

"అదేం కూరప్పా?"

"కూర కాదబ్బా! ఉర్లగడ్డ ఉడకేసి, మెదిపి, కారం గీరం కలిపి, తట్టి, నూనెలో కాల్చల్ల."

"వడంటే అయిపోయె కదా."

"వడ కాదు, కట్లెట్!"

"సరేలే అప్పా, వడ చేసి అట్లే పిలుద్దాం" అని పోతులయ్య తువ్వాలు దులుపుకుని లేచిపోయినాడు.

వీటన్నిటికీ ప్రమీలమ్మ నవ్వుకుంది. మొగుడు మొగుడే కదా, మోజు తీర్చుకోనీలే అనుకుంది. ఆమె గుండెలో రాయి పడింది మాత్రం, ఆయన చీర సంగతి ఎత్తిన రోజున.

వాళ్ళలో ఒక పద్ధతుంది. పెండ్లికూతురికి తాళి పడే వేళకు ఒంటి మీద ఉండాల్సింది మేనమామ తెచ్చిన చీర. ఆ చీర కట్టించినాక మేనమామే బిడ్డను ఎత్తుకుని పందిట్లోకి తెచ్చి పీట మీద కూర్చోబెట్టాల. నీలావతికి ఉన్నది ఒకే ఒక్క మేనమామ, బుక్కపట్నం హనుమంతు. ప్రమీలమ్మకు తమ్ముడు. అమ్మా నాయనా ఎప్పుడో పోయినారు. ఇప్పుడామెకు పుట్టిల్లంటే చెరువు కట్ట కింద ఉన్న ఆ రెండంకణాల ఇల్లూ, ఆ తమ్ముడూ, అంతే. నీలావతి నామకరణం నాడే హనుమంతు ఉయ్యాల పట్టుకుని, "నా చీరతోనే దీనికి తాళి పడల్ల, ఇంగెవరు తెచ్చినా ఒప్పుకోను" అన్నాడు. అప్పుడు వాడికి మూతి మీద మీసం కూడా సరిగా రాలేదు.

"ఆ హనుమంతు చీరా?" అన్నాడు ఆదెప్ప. "మర్చిపోయినావేమే? పోయినసారి ఉగాదికి నీకు తెచ్చిన చీర ఒక్క ఉతుకుతో నా తెల్ల పంచెనంతా గులాబి రంగు చేసె. ఆ పంచె కట్టుకుని బజారుకు పోతే, ఏమప్పా హోళీ ఆడినావా అని అడిగిరి. వాడు తెచ్చింది పెట్లో పెట్టు. తాళి వేళకు నేను నేయించే చీర కట్టల్ల. ఇంగోమాట, మేనమామ ఎత్తుకొచ్చేదీ గిత్తుకొచ్చేదీ లేదు. బిడ్డేమన్నా శెనక్కాయల మూటనా? తివాచీ పరిపిస్తా, బ్యాండు వాయిస్తాంటే నడిచొస్తాది. బెంగుళూర్లో అట్లే వచ్చింది."

కోటుకు చోటుంది, కట్లెట్‌కు చోటుంది, తన తమ్ముడికి మాత్రం తన బిడ్డ పెండ్లిలో చోటు లేదు. నా పుట్టింటిని గడప బయట నిలబెడతాండాడు ఈ మనిషి, అనుకుంది ప్రమీలమ్మ. పైకి ఏమంటే ఏం లాభం? స్టైలుకు చెవులుండవు.

ధర్మవరం పోయిన రోజు భార్యను కూడా వెంటబెట్టుకుపోయినాడు ఆదెప్ప. సలహా అడగడానికి కాదు. తను మాట్లాడేటప్పుడు వినడానికి ఎవరో ఒకరు ఉండాల కదా.

నేతాయన ఓబులేసు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, పని ఆపకుండానే విన్నాడు.

"కొంగులో పెనుకొండ కోట రావల్ల" అన్నాడు ఆదెప్ప. "ఒక పక్క లేపాక్షి బసవన్న. ఇంగో పక్క మా ఇల్లు."

"ఇంటి ముందర గడ్డివామి వేయల్లనా అప్పా?"

"వేస్తే బాగానే ఉంటాది."

ఓబులేసు అప్పుడు చేయి ఆపినాడు. "చీరప్పా ఇది, సర్వేవోళ్ళ మ్యాపు కాదు. కట్టుకునేది ఆడబిడ్డ. ఆ యమ్మ కూర్చుంటే కోట మీద కూర్చున్నట్టయితాది."

బేరం కోట దగ్గర మొదలై, మెల్లగా కొండ దిగి, చివరికి అంచు దగ్గరికొచ్చి నిలబడింది. అందరి అంచుల్లో ఉండే మామిడి పిందెలు తనకొద్దన్నాడు ఆదెప్ప. "మా చేన్లలో మామిడి చెట్టే లేదు. మేము తినేది శెనక్కాయ, అమ్మేది శెనక్కాయ. ఆ కాయే లేకుంటే ఈ పెండ్లే లేదు. పిందె ఉండేచోట జరీతో శెనక్కాయ వేయి." అన్ని రోజుల్లో మొగుడి నోట వచ్చిన మంచిమాట అదొక్కటే అనిపించింది ప్రమీలమ్మకు. నిజం చెప్పాలంటే ఆమెకు ముచ్చటేసింది.

"చేస్తాలే అప్పా" అన్నాడు ఓబులేసు. "అయితే ఒక సంగతి. నిలువు పోగులు మగ్గానికెక్కించినామంటే మూడు చీరల పొడవుంటాయి. వార్పంటాం దాన్ని. ఒక్క చీరకోసం వార్పు వేయరు. మూడింటికీ అదే రంగు, అదే అంచు వస్తాది. మూడూ మీరే తీసుకుంటారా, లేకుంటే..."

"నీ మగ్గం పురాణమంతా నాకెందుకబ్బా! నా చీర నాకిచ్చేయి. మిగిలిందాన్ని నువ్వు అమ్ముకుంటావో చుట్టుకుంటావో నాకేం పని?"

"సరే అయితే, మీ ఇష్టం" అన్నాడు ఓబులేసు, నోరంతా తెరిచి నవ్వుతూ.

ప్రమీలమ్మకు సంగతి తెలిసిపోయింది. లోకంలో ఇంకెవరికీ లేని చీర కావాలని వచ్చిన మనిషి, ఇంకో ఇద్దరికి లైసెన్సు ఇచ్చిపోతాండాడు. చెబుదామని నోరు తెరిచింది.

"నువ్వు గమ్మునుండు మే. ఆడవాళ్ళకు చీరల సంగతి ఏం తెలుస్తాది?" అన్నాడు ఆదెప్ప.

ప్రమీలమ్మ గమ్మునయింది. మొగుడు చెప్పినాక వినకపోతే ఎట్లా? రైల్లో పెనుకొండ వచ్చేదాకా గమ్మునే ఉండి, కిటికీలోంచి చేన్లు చూస్తూ, ఒక లెక్క వేసుకుంది.

ఆ వారంలోనే హనుమంతు వచ్చినాడు. బావ చెప్పించిన కబురు అప్పటికే వాడికి చేరింది. ఎప్పుడూ వంటింటి దాకా వచ్చే మనిషి, ఆ పొద్దు వాకిట్లోనే నిలబడినాడు.

"నా చీర వద్దంట కదక్కా. నేను ఎత్తుకోగూడదంట. ఇంగ నేను వచ్చేదెందుకు, తినిపోయేదానికా? నేను రాను. ఆ పొద్దుకు చెరువు కట్ట మీద కూర్చుంటాలే." అని వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వు రాకుంటే నాకు పుట్టిల్లు లేనట్టేరా" అంది ప్రమీలమ్మ. ఏడుపొచ్చింది కానీ ఏడ్చేదానికి టైము లేదు. వాడి చేయి పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయి, ధర్మవరంలో విన్నదంతా చెప్పింది. "ఓబులేసు దగ్గర అదే వార్పులో ఇంగో చీర ఉంటాది. మేము తెచ్చుకున్నాక నువ్వు పోయి, శెనక్కాయల అంచుదని అడుగు. బిడ్డకు నీదే కడతా. మీ బావ తనదే అనుకుంటాడు."

"దొంగతనమేమో కదక్కా?"

"మన చీర మన బిడ్డకు కట్టేది దొంగతనమెట్లయితాదిరా!"

హనుమంతు కాలి బొటనవేలితో నేల గీకినాడు. "నాది కట్టిందని ఎవరికీ తెలీదన్న మాట" అన్నాడు.

"నాకు తెలుస్తాది. బిడ్డకు తెలుస్తాది. నీకు తెలుస్తాది."

చాలదని వాడి ముఖమే చెప్పింది. అయినా అక్క మాట తీసేయలేక తలూపినాడు.

పెండ్లికి ముందు, అక్క చెప్పినట్టే, హనుమంతు తెల్ల గుడ్డలో చుట్టిన చీర తెచ్చినాడు. కొంగు చివర పసుపు కొమ్ము ముడేసి ఉండాది. అది వాళ్ళ బుక్కపట్నం ఆనవాయితీ, వాళ్ళమ్మ అట్లే కట్టేది. ఆదెప్ప ఆ మూట విప్పి చూడను కూడా లేదు. "ఆ పెట్లో పడేయండి. తెల్ల బట్టలకు దూరంగా" అన్నాడు.

పెండ్లి పొద్దున ఆదెప్ప ఇల్లు చూడాలి. వాకిలి నిండా తివాచీ. దాని మీద కాలు పెట్టాలంటే భయమేసి జనం పక్కనే మట్టిలో నడుస్తాండారు. నాగస్వరం వాళ్ళను తీసేసి తెచ్చిన టోపీల బ్యాండు ఒక మూల పెద్ద డోలుతో కుస్తీ పడతాండాది. నీలావతిని మిరపపండు రంగు చీరలో హాల్లో కూర్చోబెట్టినారు. పచ్చటంచు పొడుగునా జరీ శెనక్కాయలు, జంట జంటగా, నిజంగానే చేను లోంచి పీకి ఆరబెట్టినట్టున్నాయి. కొంగు చుట్టూ తిప్పి, దాని చివరున్న పసుపు కొమ్ము ముడిని ప్రమీలమ్మ కుచ్చిళ్ళలోకి దోపేసింది.

వచ్చినవాళ్ళనల్లా ఆదెప్ప చేయి పట్టుకుని కూతురి ముందరికి లాక్కొస్తాండాడు. "చూడండప్పా, ఆ నేత చూడండి! ఆ జరీ బరువు చూడండి! లోకంలో ఇట్లాంటిది ఇంగొకటి ఉంటే నా మీసం తీయించుకుంటా. అదే వాళ్ళ మామ తెచ్చింది కట్టించుంటే, ఈపాటికి రంగు కారి తివాచీ పాడయిపోయుండు!"

అందరూ నవ్వినారు. హాల్లో స్తంభం దగ్గర నిలబడిన హనుమంతు తల దించుకున్నాడు. ఆయన చేయి పెట్టి మెచ్చుకుంటాండేది నా తమ్ముడి చీరనే, తిడతాండేది నా తమ్ముడినే, అనుకుంది ప్రమీలమ్మ. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అంతవరకూ తాను చేసింది తెలివైన పని అనుకుంది. ఇప్పుడు చూస్తే వాడికి చీర దక్కలేదు, మాటా దక్కలేదు.

అంతలో మగపెండ్లివాళ్ళు వచ్చినారని కేక. బ్యాండు ఎత్తుకుంది. కారు తలుపు తెరుచుకుని వియ్యపురాలు సరోజమ్మ దిగింది. మిరపపండు రంగు చీర. పచ్చటంచు. అంచు పొడుగునా శెనక్కాయలు.

ఆదెప్ప హారతి పళ్ళెం పట్టుకుని ఎదురుపోయినాడు. వియ్యపురాలిని కన్నెత్తి చూడగూడదని తెలుసు, కానీ ఆయన కళ్ళు ఆ అంచు పట్టుకుని పోతానే ఉన్నాయి. పళ్ళెం పక్కవాళ్ళ చేతిలో పెట్టేసి, పంచె ఎగగట్టి, హాల్లోకి పరుగెత్తుకొచ్చినాడు.

"మే! మోసం జరిగిపోయింది! ఆ ఓబులేసు గొంతు కోసినాడు! వియ్యపురాలు అదే చీర కట్టుకొచ్చింది! లోపలికి తీసుకుపో బిడ్డను, చీర మార్చు!"

"ఏం చీర కట్టల్ల ఇప్పుడు?" అంది ప్రమీలమ్మ.

"మీ తమ్ముడు తెచ్చింది ఉంది కదా! అది కట్టు!"

"రంగు కారుతాదంటివే."

"కారితే కారనీ! మేనమామ చీర కట్టల్ల మే, అది మన పద్ధతి! పెద్దలు ఊరికే పెట్టినారా?"

స్టైలు కాలు జారితే పద్ధతి వచ్చి పట్టుకుంది చూడండి. హాల్లో ఉన్నవాళ్ళంతా ఆయన వైపే చూస్తాండారు. స్తంభం దగ్గర హనుమంతు తల ఎత్తినాడు.

"అందరూ వినేటట్టు చెప్పు" అంది ప్రమీలమ్మ. "మళ్ళీ నామీదికి రావద్దు."

"వెయ్యిమందిలో చెప్తా! నా కూతురికి తాళి పడేది దాని మేనమామ తెచ్చిన చీరతోనే! చాల్నా? పో, తొందరగా, బిన్నా పో!"

లోపలికి పోయి తలుపేసుకున్నాక నీలావతి బిక్కమొగం పెట్టింది. "ఏం చేద్దామమ్మా? ఇది మామదే కదా."

"నువ్వు కూర్చో" అంది ప్రమీలమ్మ. పెట్టె తీసి, మొగుడు నేయించిన శెనక్కాయల చీర బయటికి లాగింది. ఇన్నేండ్లుగా ఆయన ముందర గొంతులోనే మింగేసిన మాటలన్నీ గుర్తొచ్చినాయి. తను కట్టుకున్న చీర విప్పేసి, ఆ కొత్త చీర కట్టుకుంది. బిడ్డ కుచ్చిళ్ళలో దోపిన పసుపు కొమ్ము ముడి బయటికి తీసి, అందరికీ కనపడేటట్టు ముందరికి వేసింది. తలుపు తెరిచింది.

తల్లీ కూతురూ పక్కపక్కన వచ్చి నిలబడినారు. అవతల, అప్పటికే లోపలికొచ్చిన సరోజమ్మ. హాలంతా శెనక్కాయలే. ఆదెప్ప కళ్ళు నులుముకుని మళ్ళీ చూసినాడు.

"ఏందే ఇది? నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది?"

"నువ్వు చెప్పిందే చేసినా" అంది ప్రమీలమ్మ. "బిడ్డ ఒంటి మీదుండేది నా తమ్ముడు తెచ్చిన చీర. ఇదో, మా అమ్మ ముడేసినట్టే వాడు ముడేసిన పసుపు కొమ్ము. పొద్దున్నించి ఉండేది ఇదే. పొద్దున్నించి నువ్వు పొగిడిందీ దీన్నే. నువ్వు నేయించింది నా ఒంటి మీదుండాది. వార్పుకు మూడొస్తాయని ఆ పొద్దే ఓబులేసు చెప్తే నువ్వు విన్లేదు. నన్ను చెప్పనీలేదు."

డోలు వాయించేవాడు కూడా ఆపేసినాడు. ఆదెప్ప చేయి మీసం మీదికి పోయింది. పందెం గుర్తొచ్చిందేమో, గబుక్కున దించేసినాడు.

కాపాడింది సరోజమ్మే. ముగ్గురి అంచులూ మార్చి మార్చి చూసి, నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. "పెనుకొండ ఆదెప్ప గీయించిన అంచని ధర్మవరంలో చెప్పినారు. మనం చేసుకునే ఇంటి గుర్తు కదా, కట్టుకుని పోతే వాళ్ళకు మర్యాదగా ఉంటాదని తీసుకుంటి. మీరందరూ కడతారని నాకేం తెలుసు!"

ఊపిరాడింది ఆదెప్పకు. "అదేనమ్మా స్టైలంటే!" అన్నాడు వెంటనే. "రెండిండ్లకూ ఒకే అంచు! బెంగుళూర్లోనే లేదిది. అంతా ముందే అనుకున్నదే!" కొంతమంది నమ్మినారు కూడా. నమ్మనివాళ్ళు కట్లెట్ వాసనొస్తాంటే వంటల వైపు చూస్తాండారు. ఫోటో ఆయన ముగ్గురినీ వరసగా నిలబెట్టినాడు.

లగ్నం మించిపోతాందని అయ్యవారు అరిచినాడు. నీలావతి తివాచీ మీద కాలు పెట్టలేదు. మామ వైపే చూస్తా నిలబడింది. ఆ చూపు ఆదెప్ప కూడా చూసినాడు.

"ఏమబ్బా హనుమంతూ, అట్లే నిలబడినావే? ఎత్తుకో బిడ్డను."

హనుమంతు స్తంభాన్ని వదల్లేదు. "వద్దులే బావా" అన్నాడు మెల్లగా. "రంగు కారుతాదేమో."

ఎవరూ నవ్వలేదు. ఇప్పుడీ మనిషి మళ్ళీ ఏ కోతలు కోస్తాడో, తమ్ముడు ఎక్కడ గడప దాటి పోతాడో అని ప్రమీలమ్మ గడప దగ్గరికి జరిగింది.

ఆదెప్ప ఒకసారి తివాచీ చూసుకున్నాడు. తర్వాత ముంజేతి మీది తువ్వాలు తీసి, దులిపి, ఎప్పటి మాదిరి భుజం మీద వేసుకున్నాడు. బావమరిది దగ్గరికి పోయి వాడి చేయి పట్టుకున్నాడు.

"కారితే కారనీ రా" అన్నాడు. "నా పంచెలు ఇంగా ఉండాయి. ఎత్తుకో."

హనుమంతు నీలావతిని ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు చెరువు కట్ట మీద తిప్పినంత సులువుగా ఏం ఎత్తలేకపోయినాడు, బిడ్డ పెద్దదయింది కదా. కొంచెం తూలితే, పక్కనుంచి ఆదెప్ప భుజం ఆనించినాడు. ప్రమీలమ్మ శెనక్కాయల కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది. రంగు కారలేదు.